రంగు పోయే సరుకు

మా అమ్మ ఎవరినీ ఊరికే నమ్మేది కాదు. ఇది జబ్బు వచ్చాక మొదలైన సంగతి కాదు. పత్తికొండలో మా బట్టలంగట్లో గల్లాపెట్టె ముందు కూర్చున్న రోజుల నుంచీ అంతే. నాయన మెత్తని మనిషి, వచ్చినోళ్ళందరితో నవ్వుతూ మాట్లాడేవాడు. సరుకు తెప్పించేది ఆయనే అయినా, అది మంచిదో కాదో తేల్చేది అమ్మ. చీర అంచులోంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి ముట్టించేది. బూడిదయితే నూలు. ఉండకట్టి వేలికి అంటుకుంటే కల్తీ. రంగు సంగతి తేల్చడానికి బొటనవేలు నాలుకకు అద్దుకుని గుడ్డ మీద గట్టిగా రుద్దేది. వేలికి ఎరుపో నీలమో అంటిందంటే, తెచ్చినవాడు ఎంత పెద్ద వ్యాపారి అయినా ఒకటే మాట. "రంగు పోయే సరుకు మా అంగట్లోకి రాదప్పా. మూట కట్టుకో."

ఆమె అనుమానం వల్లనే అంగడి నిలబడిందని నాయన పోయేదాకా చెప్పుకునేవాడు. నేనూ ఆ అంగట్లోనే పెరిగాను. ఆయన పోయాక అమ్మతో కర్నూలుకు మారి, బురుజు దగ్గర సందులో అంగడి పెట్టుకున్నా నా బుద్ధి మాత్రం అమ్మ బుద్ధే. ఎదుటివాడు తియ్యగా మాట్లాడితే నా చెయ్యి దానంతటదే గల్లాపెట్టె మీదికి పోతుంది.

అందుకే ఆమె అనుమానం జబ్బుగా మారుతున్న సంగతి మాకు శానా రోజులు తెలియలేదు. గాజులు కనబడలేదని ఒకరోజు గొడవ చేసింది. నా భార్య ఇల్లంతా వెతికితే బియ్యం డబ్బాలో దొరికాయి. "నువ్వే పెట్టి నువ్వే తీస్తాండావు" అంది అమ్మ ఆమెతో. అమ్మ స్వభావం తెలిసిందే గదా అనుకున్నాం. తర్వాత నీళ్ళ మీద పడింది. బిందెలో ఏదో కలిపారని తాగేది కాదు. నేను ముందు తాగి చూపిస్తే, "నీకు తెలుసు గదా ఏ పక్క కలిపినారో, ఈ పక్క తాగినావు" అనేది. అప్పుడు కూడా లోపల కొంచెం మెచ్చుకున్నాను. ఎంత తెలివి అనుకున్నాను.

ఒక పొద్దున కాఫీ ఇవ్వబోతే లోటా తీసుకోకుండా నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

"మా వాని మాదిరే ఉండావు," అంది. "మాట కూడా అట్లే నేర్చుకున్నావు. నిజం చెప్పప్పా, మా వాన్ని యాడ పెట్టినారు?"

లోటా కింద పెట్టి వంటింట్లోకి పోయి నిలబడ్డాను. నా భార్య రొట్టె కాలుస్తూ ఉంది. నా మొహం చూసి తెలుసుకుంది.

డాక్టరు డిమెన్షియా అన్నాడు. మరుపు మాత్రమే కాదు, ఇట్లాంటి అనుమానాలు కూడా ఆ జబ్బులో భాగమేనట. ఎదురు వాదించొద్దన్నాడు. మందులు రాసిచ్చి, చివర్లో ఒక మాట చెప్పాడు. ఒక కల్యాణ మండపం మేడ మీది హాల్లో గురువారం గురువారం ఒకామె ఇట్లాంటి పెద్దవాళ్ళతో బొమ్మలు వేయిస్తుందట. జబ్బు నయం కాదు గానీ మనసు కాస్త నెమ్మదిస్తుందని, తీసుకుపోయి చూడమని అన్నాడు.

బొమ్మలేంది? మా అమ్మ జన్మలో ముగ్గు తప్ప ఏమీ వేయలేదు. అది కూడా పండగలకు తప్ప ఓపిక లేక నాలుగు గీతలతో సరిపెట్టేది. అయినా నా భార్య పట్టుబట్టింది. "ఆ కాసేపైనా నేను దొంగతనం మోపించుకోకుండా ఉంటా," అంది. ఆమె అన్న తీరు చూసి సరేనన్నాను.

మొదటి గురువారం అమ్మను స్కూటరు మీద కూర్చోబెట్టుకుని పోయాను. భోజనాల బల్లలు వరసగా వేసి, వాటి మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి, తెల్ల కాగితాలు, రంగుల గిన్నెలు, నీళ్ళ గ్లాసులు పెట్టి ఉన్నాయి. ఐదారుగురు ముసలివాళ్ళు అప్పటికే కూర్చుని ఉన్నారు. టీచరమ్మకు నలభై దాటి ఉంటాయి. కడప పక్క మనిషి, బెంగళూరులో ఈ చదువు చదువుకుని వచ్చిందట. ఎంత ఇయ్యాలని అడిగితే ఏమీ వద్దంది. మండపం వాళ్ళే కాగితాలు, రంగులు కొనిస్తున్నారంది. ఊరికే వచ్చే సరుకును మేము ఎప్పుడూ నమ్మలేదు. రేపు ఏ నూనో, పొడో అమ్ముతారు. లేకపోతే ఈ ముసలివాళ్ళ ఫొటోలు పెట్టుకుని ఎక్కడో చందాలు అడుగుతారు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడి ఆమె చేతులనే గమనిస్తూ ఉన్నాను.

అమ్మ నన్ను మించింది. కుర్చీలో కూర్చుంది గానీ చేతులు కొంగులోంచి బయటికి తీయలేదు. టీచరమ్మ బ్రష్షు అందిస్తే పట్టుకోలేదు.

"ఏంది ఇది?"

"రంగు పెద్దమ్మా."

"ఎవురు పంపినారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. మీకు ఏ రంగు కావాలో చెప్పండి. వద్దంటే వద్దు."

అమ్మ ఆ గిన్నెల వైపు కాసేపు చూసింది. టీచరమ్మ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది. తర్వాత బొటనవేలు నాలుకకు అద్దుకుంది. నాకు వెంటనే అర్థమయింది. పక్కన ఎవరో వేసి ఆరబెట్టిన ఎర్రటి పువ్వు మీద వేలు పెట్టి గట్టిగా రుద్దింది. వేలికి ఎరుపు అంటింది. ఆ వేలు పైకెత్తి హాలంతా వినబడేలా అరిచింది.

"రంగు పోతాండాది! దొంగ సరుకు!"

పక్కన కూర్చున్న రిటైరైన బస్సు డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. నేను సిగ్గుపడి ముందుకు అడుగేశాను. టీచరమ్మ మాత్రం వంగి ఆ వేలిని చూసింది. "అవును పెద్దమ్మా, పోయే రంగే," అంది. "ఇంకా ఏవేవి పోతాయో చూసి చెప్తారా నాకు?"

ఇక అమ్మ ఆగలేదు. తెల్ల కాగితం మీద ఒక్కో రంగు టీచరమ్మతో పూయించడం, దాని మీద తడి వేలు పెట్టి రుద్దడం. ఎరుపు పోయింది. నీలం పోయింది. పచ్చ అంచుదాకా పాకి పసుపులో కలిసిపోయింది. ప్రతిదానికీ తిట్టింది. "ఇది మరీ నాసి. ఇది ఎవురు కొంటారు?" అనుకుంటూ ఒంగి, కొంగు భుజం మీదినుంచి జారినా చూసుకోకుండా పని చేసింది. క్లాసు అయిపోయిందంటే లేవలేదు. ఇంటికి వచ్చాక గిన్నెడు అన్నం తిని నిద్రపోయింది. నీళ్ళు కూడా మారుమాట లేకుండా తాగింది.

నా భార్య సంతోషపడింది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. పొద్దున లేచేసరికి అమ్మకు క్లాసు గుర్తు లేదు. గుర్తే లేని దానివల్ల మేలు జరిగిందంటే ఎట్లా నమ్మేది? ఆ రాత్రి అన్నం తిన్నది ఆకలికే అయి ఉండొచ్చు గదా?

అయినా ప్రతి గురువారం తీసుకుపోయాను. తీసుకుపోయి, వెనక గోడ దగ్గరే నిలబడేవాణ్ని. అమ్మ వేసినదాన్ని టీచరమ్మ బాగుందని గానీ, బాగాలేదని గానీ ఎప్పుడూ అనేది కాదు. ఇక్కడ ఏముంది, చెప్తారా అని మెల్లగా అడిగేది. ఆ అడగడమే నాకు నచ్చేది కాదు. మా ఇంటి సంగతులు ఆమెకెందుకు? అమ్మ ఆమె చెవిలో ఏదో చెప్పేది. నేను దగ్గరికి వస్తే నోరు మూసుకునేది. ఆమె కూడా తల ఎత్తి నా వైపు చూసి మళ్ళీ కాగితం వైపు తిరిగేది. ఇద్దరూ ఒకటయ్యారని నాకు కోపం వచ్చేది.

బొమ్మలు అయ్యాక ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. అమ్మ రెండు మూడు కాగితాలు వేసిన రోజు కూడా నా చేతికి ఒకటే వస్తోందని కొన్ని వారాలకు గమనించాను. ఒకరోజు అందరూ వెళ్ళేదాకా ఆగి అడిగేశాను.

"ఇందాక నీలం రంగుతో ఒకటి వేసింది. అది ఏది?"

"నా దగ్గర ఉందన్నా."

"నీ దగ్గర ఎందుకు?"

"పెద్దమ్మ దాచిపెట్టమన్నారు."

"ఎవరికి కనబడకుండా?"

ఆమె బ్రష్షులు కడగడం ఆపింది. "మీకే," అంది.

నా ఒళ్ళు మండింది. "నేను ఆమె కొడుకును. ఇప్పుడు తీసి చూపించు."

"మీరు కొడుకని నాకు తెలుసు. కానీ ఆ బొమ్మ ఆమెది. ఆమె చూపించమంటే చూపిస్తా. ఇయ్యనని మాట ఇచ్చినా."

"మతి లేని మనిషికి ఇచ్చిన మాట ఏంది?"

"ఆమె మర్చిపోతారు. నాకు గుర్తుంటాది గదన్నా."

ఆమె గొంతు పెంచలేదు. అది నన్ను ఇంకా మండించింది. అంగట్లో దొంగ బేరం చేసేవాడు కూడా గొంతు పెంచడు. ఆ కాగితాలు ఎక్కడికో పోతున్నాయని, మా అమ్మ పిచ్చిని ఎవరికో చూపించి పేరు తెచ్చుకుంటోందని తీర్మానించుకున్నాను. ఆ రాత్రి ఫోన్‌లో ఆమె పేరు కొట్టి గంటసేపు వెతికాను. అమ్మ బొమ్మలు ఎక్కడా లేవు. లేకపోవడం కూడా నాకు అనుమానంగానే తోచింది. ఇక తీసుకుపోనని నా భార్యతో చెప్పేశాను. ఆమె సరే అంది.

నాతో వాదించకుండా సరే అన్న రోజే నేను ఆలోచించాల్సింది.

మళ్ళీ గురువారం వచ్చింది. మధ్యాహ్నం నేను అంగట్లో ఉంటే నా భార్య ఫోన్ చేసి, అత్తను రాఘవేంద్రస్వామి మఠానికి తీసుకుపోతాండా, ఆటోలో పోయి వస్తాం అంది. స్వామికి గురువారం విశేషం గాబట్టి నేను ఏమీ అనుకోలేదు. ఆ సాయంత్రం ఇల్లు నిమ్మళంగా ఉంది. అమ్మ అరుగు మీద కూర్చుని బొరుగులు తింటోంది. ఆ తర్వాతి గురువారమూ మఠమే. ఆ పై వారమూ మఠమే. ఒక్కరోజూ ఇంట్లో మఠంలో ఇచ్చే మంత్రాక్షతలు కనబడలేదు. అడిగితే అయిపోయాయంది. మఠంలో అక్షతలు అయిపోవడం నేను ఎప్పుడూ వినలేదు. అమ్మకు కాళ్ళు కడగబోతూ చూస్తే ఆమె చేతి బొటనవేలి గోరు కింద నీలం ఉంది. అన్నం వడ్డిస్తున్న నా భార్య మణికట్టు మీద కూడా అదే నీలం.

మళ్ళీ గురువారం అంగడిని పక్క అంగడాయనకు చూడమని చెప్పి, సందు చివర స్కూటరు ఆపుకుని నిలబడ్డాను. నా పెళ్ళాన్ని, నా తల్లిని నేనే దొంగచాటుగా వెంబడించే గతి పట్టింది. ఎండ మాడుస్తోంది. ఆటో వచ్చింది. మఠం దారి పట్టలేదు. నేననుకున్నట్టే మండపం ముందు ఆగింది. వాళ్ళు మెట్లెక్కాక కాసేపు ఆగి నేనూ ఎక్కాను. ఏమేం అనాలో మెట్ల మీదే మనసులో కూర్చుకున్నాను. టీచరమ్మకు ముందు, నా భార్యకు తర్వాత.

తలుపు దగ్గరే ఆగిపోయాను. ఒకే పెద్ద కాగితం ముందు అమ్మ, నా భార్య పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఇంట్లో ఒకే వంటింట్లో ఐదు నిమిషాలు కలిసి నిలబడలేని మనుషులు. నా భార్య బ్రష్షుతో అడ్డంగా ఒక పట్టీ పూస్తోంది. అమ్మ దాని వెనకాలే తడి వేలితో రుద్దుకుంటూ వస్తోంది.

"నిదానం మే," అంటోంది అమ్మ. "నువ్వు అంత బిరబిరా పోతే నేను యాడ అందుకునేది?"

"సరే అత్తా. మీరు రాండి, నేను ఆగుతా."

"నువ్వు ఎవురి కోడలివి?"

"మీ కోడలినే."

"అబద్ధం. మా కోడలు దొంగది. నువ్వు మంచిదానివి."

నా భార్య నవ్వింది. ఆమె అట్లా నవ్వి ఎంత కాలమయిందో నాకు గుర్తు రాలేదు. అంతలో టీచరమ్మ నన్ను చూసింది. బెదరలేదు, రమ్మనీ అనలేదు. అమ్మ కూడా తల ఎత్తింది. నా చెప్పుల నుంచి తలదాకా కొలిచినట్టు చూసింది.

"రాప్పా, కూర్చో," అంది. "ఏ ఊరు?"

"పత్తికొండ," అన్నాను.

"మాదీ అదే. ఏం కావాల? చీరలా?"

జవాబుకు ఆగకుండా టీచరమ్మ వైపు చెయ్యి చాపింది. "ఆ లోపలి సరుకు తియ్. ఈయనకు చూపిద్దాం."

టీచరమ్మ ఒకసారి ఆమె మొహంలోకి చూసి, "చూపించేదా పెద్దమ్మా?" అని అడిగింది. అమ్మ విసుక్కుంది. "బేరానికి వచ్చినోనికి చూపించక దాచుకుంటామా?"

బీరువాలోంచి కాగితాలు వచ్చాయి. అన్నీ ఉన్నాయి. నేను అడిగిన నీలం కూడా ఉంది. అమ్మ వాటిని తీరిగ్గా, గిరాకీ ముందు చీరలు పరిచినట్టు, ఒకదాని మీద ఒకటి సగం కనబడేలా పరిచింది. ఎక్కువ భాగం రంగులు పాకిన మరకలే. ఏది నచ్చిందో చెప్పమని మధ్యమధ్యలో నా మొహం చూస్తోంది. నీలం కాగితం వచ్చినప్పుడు నేను చెయ్యి పెట్టి ఆపాను. నీలం మధ్యలో ఒక తలుపు లాంటిది, తలుపు బయట ఒక మనిషి. నోరు లేదు, ముక్కు లేదు. రెండు పెద్ద కండ్లు మాత్రం ఉన్నాయి.

"ఇతను ఎవరమ్మా?"

అమ్మ ముందుకు వంగి గొంతు తగ్గించింది. "మా ఇంట్లో ఉంటాడు. ఎవురో తెలీదు. దినామూ నన్నే చూస్తాంటాడు."

"ఏమన్నా ఎత్తుకుపోయినాడా?"

"ఇంతవరకూ లేదు. అన్నం పెడతాడు. మందులిస్తాడు. అయినా కనిపెట్టుకుని ఉండాల. మనం చూస్తాండామని తెలిస్తే ఎవుడూ దొంగతనం చేయడు."

నా భార్య బ్రష్షు ముంచిన గ్లాసు వైపే చూస్తూ కూర్చుంది. నేను ఆ కాగితాన్ని అమ్మ చేతికే తిరిగి ఇచ్చి, ఇది వద్దమ్మా, ఇంకొకటి చూపించు అన్నాను. ఆమె తల ఊపి తర్వాతిది తీసింది.

ఆ రోజు ఆటోను పంపించేసి, ముగ్గురం మెట్ల కింద నీడలో నిలబడ్డాం. నా భార్యను, ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే పోనిస్తారా?" అంది. "ఆమె నన్ను దొంగ అంటుంది. మీరు ఆ టీచరమ్మను దొంగ అంటారు. ఆ ఇంట్లో నేను యాడ ఊపిరి పీల్చుకునేది? మొదట ఆమెకోసమే వచ్చినా. తర్వాత నాకోసం కూడా వచ్చినా."

ఆ తర్వాత గురువారాలు నేనూ పోయాను. వెనక గోడ దగ్గర కాదు, గిరాకీ కుర్చీలో. అమ్మకు నేను ఎప్పుడూ ఏదో ఒక ఊరి మనిషినే. ఒకసారి నందికొట్కూరు, ఒకసారి ఆదోని. బేరం మాత్రం ఎప్పుడూ కుదరలేదు. ఆమెకు కావలసింది కూడా అమ్మకం కాదు, సరుకు పరిచి చూపించడమే. ఇంట్లో అనుమానాలు తగ్గలేదు. శుక్రవారం పొద్దునకే గాజులు పోయాయని మొదలయ్యేది. కానీ నా భార్య అప్పుడు వాదించేది కాదు. వెతుకుదాం రాండి అత్తా అని ఆమె చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది. వెతికే పనిలో పడి ఏం పోయిందో అమ్మ మర్చిపోయేది.

ఇదంతా బొమ్మల గొప్పతనమేనా అని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. జబ్బు ఆగలేదు. మాటలు తగ్గిపోయాయి. ఒక్కోసారి తడి వేలితో కాగితం మీద కాకుండా బల్ల మీదే రుద్దేది. టీచరమ్మ వారించేది కాదు. కాగితాన్ని ఆ వేలి కిందికి మెల్లగా జరిపేది.

మొన్న వానాకాలంలో అమ్మ స్నానాల గదిలో జారి పడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ మెట్లు ఎక్కే పని లేకుండా పోయింది. నేను అడగకముందే టీచరమ్మ ఫోన్ చేసి, అన్నా, మీకు అభ్యంతరం లేకపోతే నేనే వస్తా అంది. ఒక మధ్యాహ్నం రంగుల సంచీ భుజానికి తగిలించుకుని మా ఇంటికి వచ్చింది. దిండ్లకు ఆనించి కూర్చోబెట్టిన అమ్మ ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఇంతకాలం నమ్మి దాచుకోమని కాగితాలిచ్చిన మనిషిని ఆనవాలు కూడా పట్టలేదు.

ఆమె సంచీలోంచి గిన్నెలు తీస్తుంటే అమ్మ నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగింది. మాట ముద్దముద్దగా వచ్చింది.

"ఎవురది?"

"టీచరమ్మ. రంగులు తెచ్చింది."

"నాకు నమ్మకం లే. నువ్వు యాడికీ పోవద్దు. ఈడే కూర్చుని ఆమె చేతులు చూస్తాండు."

టీచరమ్మ విని నా వైపు చూసింది. నవ్వింది గానీ, కండ్లు తుడుచుకోవడం కూడా కనబడింది. ఈ ఇంట్లో అమ్మ నన్ను నమ్మి ఒక పని చెప్పి ఎంత కాలమయిందో లెక్క లేదు. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. టీచరమ్మ కాగితం పరిచి పసుపు గిన్నె ముందుకు జరిపింది. అమ్మ నన్నే చూస్తోంది, నేను చూస్తున్నానో లేదో అని. చూస్తున్నానని తల ఊపాను. అప్పుడు వేలు నోటి దగ్గరికి తీసుకుపోయింది.